కాలదోషము పట్టిన బాకీలు

(మహాసభ రెండవనాటి యుపన్యాస పాఠము)



నిన్నటి సభలో విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహనిధిని గూర్చియు, వివాహములందలి దుర్వ్యయమును గూర్చియు పెద్దలు ప్రసంగించిరి. అట్టి ప్రసంగములు విన్న చెవులకు నేడు ప్రోనోట్లు, చెల్లులు, దావాగడువులు అను మాటలు చప్పగా నుండవచ్చును. అయినను కార్యదర్శిగారు మాకు వ్రాసిన జాబులో 'మనవారికి పనికివచ్చు విషయము నొకదానిని చెప్పుడు' అని కోరియున్నారు. న్యాయవాదవృత్తిలో మేము గడపిన కాలమున మనవారి సొమ్ము పోవుట పలువిధముల జూచితిమి. చీటీలలో పోయినది కొంత, భాగస్థులవలన పోయినది కొంత, దివాలాలలో పోయినది కొంత. వీనియన్నిటికంటె నెక్కువగా గడువు దాటిన పిమ్మట దావా వేయుటవలననే పోయినదని మా యనుభవము. అందుచేత ఈ విషయమునే యెన్నుకొంటిమి.

మొదట మేమెఱిగిన యొక కుటుంబపు వృత్తాంతము మనవి చేయుదుము. పేళ్లును, ఊరును చెప్పము. ఇందు ఎవరిని నిందింపవలెనను తలంపు మాకు లేదు.

మన కులమువాడే యగు ఒక వర్తకుడు 2010 నవంబరు 5వ తేదీన, దీపావళినాడు, తన భార్య యన్నగారికి అయిదు లక్షల రూపాయలు చేబదులిచ్చి, నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీకి ప్రోనోటు వ్రాయించుకొనెను. అడిగినప్పుడు చెల్లింపగల నోటు. ఆ బావగారు యోగ్యుడు. 2011లోను, 2012లోను, 2013లోను దీపావళికి స్వయముగా వచ్చి, పండ్లును మిఠాయిలును తెచ్చి, వడ్డీ రొక్కము చేతిలో పెట్టిపోయెను. వర్తకుడు ప్రతిసారియు తన చిట్టాలో తన చేతివ్రాతతో జమకట్టుకొనెను. నోటువెనుక చెల్లు వ్రాయించుకొనలేదు. ఒకసారి వ్రాయించుకొందమని అతడు నోటు బయటికి తీయగా, భార్య వంటయింటినుండి వచ్చి, "మా అన్నయ్యను నమ్మలేక సంతకము చేయించుకొందురా?" అని నొచ్చుకొన్నదట. ఆమాటతో అతడు నోటును మరల పెట్టెలో పెట్టెను. ఈ సంగతి తరువాత ఆమెయే కన్నీళ్లతో మాకు చెప్పెను.

2013వ సంవత్సరమున దీపావళి నవంబరు 3వ తేదీన వచ్చినది. నోటుగడువు 5వ తేదీతో తీరును. అనగా గడువింక రెండుదినములుండగా వడ్డీ చేతికి వచ్చినది. ఆనాడు నోటువెనుక రెండు పంక్తులును ఒక సంతకమును పడియుండినచో 2016 నవంబరు వఱకు ఆ నోటు బ్రదికియుండెడిది. 2014 మాఘమాసమున ఆ వర్తకుడు హఠాత్తుగా మరణించెను. ఇద్దఱు కొడుకులును పదునాలుగేండ్లలోపువారు. అప్పటికి బావగారి వ్యాపారము ఆయన కుమారుల చేతిలోనికి పోయినది. వారు 'నోటు కాలదోషము పట్టినది, ఇయ్య నక్కఱలేదు' అనిరి. ఆమె మావద్దకు వచ్చెను. దావా నిలువదని మేము చెప్పినను, పిల్లలకొఱకు ఒక ప్రయత్నము చేసి చూడవలెనని పట్టుపట్టెను. దావా కొట్టివేయబడినది. అప్పీలును కొట్టివేయబడినది. ఆ యన్నగారు బోనెక్కి 'మూడేండ్లు వడ్డీ ఇచ్చినమాట నిజమే' అని ప్రమాణపూర్వకముగా చెప్పెను. అదియు చాలలేదు. ఎందుచేత చాలలేదో ముందు వివరింతుము.

అప్పుల దావాలకు గడువు పెట్టుట మనదేశమునందు క్రొత్త కాదు. 1859లో బ్రిటిషు ఇండియాకంతటికి మొదటి కాలపరిమితి శాసనము వచ్చినది. పిమ్మట 1871లోను, 1877లోను, 1908లోను శాసనములు మారినవి. నేడు అమలునందున్నది 1963వ సంవత్సరపు 36వ చట్టము. ఇది 1964 జనవరి 1వ తేదీనుండి నడచుచున్నది. సాక్షులు చనిపోవుదురు, రసీదులు పోవును, తండ్రి తీర్చిన యప్పును కొడుకు ఋజువు చేయలేడు. కావున ఎన్నియేండ్లకైన దావా తేవచ్చునన్నచో ఏ గృహస్థునకును నెమ్మది యుండదు. చట్టము వెనుకనున్న యూహ యిది. అప్పిచ్చినవానికి ఇది కఠినముగా తోచినను, తండ్రి కాగితములు దొరకని యే కుమారుని యడిగినను ఇది న్యాయమేయనును.

ఈ చట్టపు 3వ సెక్షను కడు ముఖ్యమైనది. గడువు దాటిన దావాను, ప్రతివాది ఆ యాక్షేపణ చేయకపోయినను, న్యాయస్థానము తనంతట తానే కొట్టివేయవలయును. ప్రతివాది హాజరు కాకపోయినను అంతే. 'అతడు పెద్దమనిషి, గడువుమాట యెత్తడు' అని నమ్మి ఆలస్యము చేయువారు ఈ సంగతి నెఱుగరు. ఇంకొక భ్రమ: 'ఆలస్యమునకు కారణము చెప్పుకొన్నచో కోర్టువారు క్షమింతురు' అనుట. 5వ సెక్షను క్రింద ఆలస్యమును మన్నించు అధికారము అప్పీళ్లకును, కొన్ని దరఖాస్తులకును మాత్రమే కలదు, దావాలకు లేదు. జబ్బు చేసినది, పెండ్లి వచ్చినది, వకీలు మఱచినాడు అను కారణములేవియు దావాకు పనికిరావు. 1932లో ప్రీవీకౌన్సిలువారు ఒక కలకత్తా వ్యాజ్యమున ఈ చట్టమును దయాదాక్షిణ్యములతో కాక అక్షరార్థముతో అన్వయింపవలెనని చెప్పిరి. నేటికిని మన న్యాయస్థానములందు నడచుచున్నది ఆ మార్గమే.

ఇక గడువెప్పటినుండి లెక్కింపవలెను? ఇచ్చటనే మనవారు ఎక్కువగా పొరబడుచున్నారు. 'అడిగినప్పుడిత్తునని వ్రాసెను గదా, నేనింకను అడుగలేదు గదా, నేనడిగిననాటినుండి గదా మూడేండ్లు' అందురు. అట్లు కాదు. అడిగినప్పుడు చెల్లింపవలసిన ప్రోనోటునకు నోటు తేదీనుండియే మూడు సంవత్సరములు. నోటు లేని చేబదులునకు సొమ్ము ఇచ్చిన దినమునుండియే మూడు సంవత్సరములు. చెక్కురూపమున అప్పిచ్చినచో ఆ చెక్కు చెల్లిన దినమునుండి. నోటులోనే ఒక సంవత్సరమో రెండు సంవత్సరములో వాయిదా వ్రాసికొన్నచో ఆ వాయిదా తీరిన నాటినుండి మూడు సంవత్సరములు. కనుక బంధువులకు దీర్ఘకాలపు చేబదులిచ్చువారు 'అడిగినప్పుడు' అని వ్రాయించుటకంటె స్పష్టమగు వాయిదా వ్రాయించుట మేలు. అడుగుటకు సిగ్గుపడువారికి ఇది మఱింత మేలు.

మన వర్తకులకు ఎరువుబేరమే ప్రాణము. వాయిదా లేక సరకు ఎరువిచ్చినచో, సరకు అందజేసిన దినమునుండి మూడేండ్లు. వాయిదా యున్నచో ఆ వాయిదా తీరినది మొదలు మూడేండ్లు. దుకాణములో ఖాతా నడచుచున్నది గనుక చివరి పద్దునుండి గడువని చాలమంది తలంచుచున్నారు. ఇరువురును ఒకరికొకరు సరకో సొమ్మో ఇచ్చిపుచ్చుకొని, ఒకప్పుడితనికి, ఒకప్పుడతనికి బాకీ తేలునట్టి పరస్పరఖాతాకు మాత్రమే ఆ వెసులుబాటు కలదు. అప్పుడు చివరిపద్దు పడిన సంవత్సరము ముగిసిననాటినుండి మూడేండ్లు. మీరు సరకిచ్చుచు, అతడు అప్పుడప్పుడు సొమ్ము కట్టుచున్న ఖాతా అట్టిది కాదు. అందు పాతపద్దులు ఒక్కొక్కటిగా రాలిపోవుచుండును. మఱియొక మాట. చిట్టా ఆవర్జాలలోని పద్దులు మాత్రమే యొకనిమీద బాకీని స్థాపింప చాలవు. 1872 నాటి సాక్ష్యచట్టములో ఈ నియమమున్నది. దానికి మారుగా 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములోను ఇది యట్లే యున్నది. మన పూర్వులు ఉగాదికో దీపావళికో ఖాతా తేల్చి, ఎదుటివానిచేత 'ఇంత బాకీ తేలినది' అని సంతకము చేయించు ఆచారము పెట్టిరి. అట్లు తేలిన లెక్కకు ఆ సంతకపు తేదీనుండి క్రొత్తగా మూడేండ్లు లభించును. కంప్యూటరులో లెక్కలు వ్రాయుట మొదలైన పిమ్మట ఈ యాచారము పోయినది. కంప్యూటరు కాగితముమీదనైనను సంతకము చేయించుకొనవచ్చును గదా!

చేబదులు వేఱు, దాచుకొనుట కిచ్చిన సొమ్ము వేఱు. మన ఇండ్లలో వితంతువులును, వృద్ధులును తమ సొమ్మును బంధువుల దుకాణములలో ఉంచుచుందురు. అడిగినప్పుడు తిరిగి ఇచ్చు నొడంబడికతో దాచుటకిచ్చిన సొమ్మునకు, అడిగిన దినమునుండియే మూడేండ్లు లెక్క. పైకి రెండును ఒకటిగానే కనబడుచున్నను, చట్టమున ఈ భేదము చాల గొప్పది. అయితే, ఇది చేబదులా, దాచినదా అని తేల్చుటకు కాగితము కావలయును. 'ఫలానా తేదీన ఇంత సొమ్ము నావద్ద దాచుటకు పుచ్చుకొంటిని. అడిగినప్పుడు తిరిగి ఇత్తును' అని దుకాణదారుచేత ఒక చీటి వ్రాయించుకొనుట ఆ తల్లులకు శ్రేయస్కరము. దుకాణములు నడుపు సోదరులు తామై ఇట్టి చీటి వ్రాసి ఇచ్చుట వారి గౌరవమునకు భంగము కాదు.

దినముల లెక్కను గూర్చి కొంచెము చెప్పుదుము. నోటు వ్రాసిన దినమును విడిచి లెక్కింపవలెను. 2022 జూన్ 10వ తేదీ నోటునకు 2025 జూన్ 10 తుదిదినము. తుదిదినమున కోర్టు మూసియున్నచో తెఱచిన మొదటి దినమున దావా వేయవచ్చును. వేసవి సెలవులలో గడువు తీరిన నోట్లు ఇట్లు బ్రదుకును. ఇందొక గోతి కలదు. ఆ సెలవులలో గడువు తీరిన పిమ్మట, కోర్టు ఇంకను తెఱవలేదు గదాయని చెల్లు వ్రాయించుకొన్నచో అది చెల్లదు. సెలవు దావా వేయుటకు మాత్రమే అవకాశమిచ్చును, గడువును పెంచదు. మే నెలలో గడువు తీరు నోటునకు ఏప్రిలులోనే పని చక్కబెట్టుకొనుడు.

కరోనా కాలపు సంగతి పలువురడుగుచున్నారు. 2020 మార్చి 15 మొదలు 2022 ఫిబ్రవరి 28 వఱకు గల కాలమును గడువులలోనుండి తీసివేయవలసినదిగా సుప్రీంకోర్టువారు 2022 జనవరి 10వ తేదీన ఉత్తరువు చేసిరి. ఆ కాలములో గడువు తీరినవారికి 2022 మార్చి 1 నుండి 90 దినములు ఇయ్యబడినవి. అంతకుమించి మిగులుగల వారికి ఆ మిగులే లభించినది. ఈ వెసులుబాటువలన పలు నోట్లు బ్రదికినవి. కాని ఆ లెక్కకు వచ్చు మూడేండ్ల గడువులును 2025 సంవత్సరారంభముతో ముగిసిపోయినవి. ఇంకను 'కరోనా గడువున్నది' అని నిశ్చింతగా నుండువారు వెంటనే తమ కాగితములు చూపించుకొనవలెను.

ఇక చెల్లును గూర్చి. 19వ సెక్షను ప్రకారము, గడువు తీరకమున్నే అసలులో కొంతగాని, వడ్డీగాని చెల్లించినచో, ఆ చెల్లింపు తేదీనుండి క్రొత్త గడువు మొదలగును. అయితే ఆ చెల్లింపు బాకీదారుని చేతివ్రాతలోనైనను, అతని సంతకముగల వ్రాతలోనైనను కనబడవలయును. అప్పిచ్చినవాని చిట్టాలో అతడే వ్రాసికొన్న జమ దీనికి పనికిరాదు. పైని చెప్పిన దావా ఓడిపోయినది ఇందుకే. సొమ్ము ముట్టినది నిజమే. గడువులోపల ముట్టినదియు నిజమే. బాకీదారు బోనులో ఒప్పుకొన్నదియు నిజమే. కాని దావా వేయునాటికి సంతకముగల వ్రాత లేదు. దావా వేసిన పిమ్మట ప్రతివాది తన జవాబులో చెల్లింపు నొప్పుకొన్నను ఆ లోపము పూడదని 1951లోనే సుప్రీంకోర్టువారు నిర్ణయించియుండిరి. మేమెంత వాదించినను ఆ తీర్పు కొండవలె అడ్డు నిలిచినది.

కావున చెల్లు వ్రాయువిధము తెలిసికొనుడు. నోటువెనుక, తేదీ వేసి, 'ఈ నోటు వడ్డీ క్రింద' అనిగాని, 'అసలు క్రింద' అనిగాని స్పష్టముగా చెప్పి, అంకెలలోను అక్షరములలోను మొత్తము వ్రాసి, బాకీదారుచే సంతకము చేయింపవలెను. వ్రాత ఇతరులదైనను సంతకము బాకీదారునిదైన చాలును. చదువురానివారి వేలిముద్రయు సంతకమే. అప్పుడు వ్రాసినవాని పేరును, ఇద్దఱు సాక్షులును ఉండుట మంచిది. చెక్కు ఇచ్చి చెల్లించినచో చెక్కుమీది సంతకము ఆ చెల్లింపునకు వ్రాతగా నిలుచును. నేడు ఫోనునుండి సొమ్ము పంపుట పరిపాటియైనది. సొమ్ము వచ్చినట్లు బ్యాంకు లెక్క చూపును గాని, సంతకము చూపదు. అది యే బాకీ క్రింద వచ్చినదో కూడ చెప్పదు. అట్టి చెల్లింపునకు వేఱుగా సంతకముగల చీటి పుచ్చుకొనుడు. ఫోనులోని సందేశములమీద ఆధారపడి దావా వేయుట అనవసరముగా తగవును కొనితెచ్చుకొనుటయే.

సొమ్ము చేతిలో లేని బాకీదారునివద్దకు పోయినప్పుడును ఉపాయము కలదు. 18వ సెక్షను ప్రకారము గడువులోపల బాకీని ఒప్పుకొనుచు వ్రాసి సంతకము చేసినచో చాలును, పైకము కట్టనక్కఱలేదు. 'ఇప్పుడీయలేను' అని వ్రాసినను, బాకీయున్నదని తేలుచున్నచో అది ఒప్పుకోలే. మీకు కాక మఱియొకరికి వ్రాసిన ఉత్తరములో ఒప్పుకొన్నను పనికివచ్చును. కొందఱు బాకీదారులు వ్రాసిన పెండ్లిపిలుపు జాబులలోని రెండు పంక్తులు నోట్లను బ్రదికించుట మేము చూచితిమి. పాత ఉత్తరములు పాఱవేయకుడు. కంపెనీలతో వ్యవహరించువారు వానియొక్క వార్షికపు ఆస్తి అప్పుల పట్టికలను కూడ చూచుచుండవలెను. అందు సంతకములతో చూపబడిన అప్పు ఒప్పుకోలు కాగలదని 2021లో సుప్రీంకోర్టువారు చెప్పియున్నారు.

ఎవరు సంతకము చేయవలెననునది మఱియొక చిక్కు. ఇద్దఱు కలిసి వ్రాసిన నోటుమీద ఒకడు చెల్లు వ్రాసినంతమాత్రమున రెండవవానికి గడువు పెరుగదు. భాగస్థులకును అంతే, ఆ భాగస్థునకు అందఱి తరపున సంతకము చేయు నధికారమున్నదని చూపవలసియుండును. హిందూ అవిభక్తకుటుంబము కొఱకు చేసిన అప్పునకు మాత్రము కర్త చేసిన ఒప్పుకోలు కుటుంబమునంతటిని కట్టివేయును. జామీనుదారు ఉన్నచో అతనిచేతను సంతకము చేయించుకొనుడు. పిదప 'నాకు తెలియదు' అను మాట వినవలసిన పని యుండదు.

మైనరులను గూర్చి చెప్పవలసినది ముఖ్యము. దావా హక్కు పుట్టునప్పటికే హక్కుదారు మైనరైయున్నచో, మేజరైన పిమ్మట మూడేండ్లవఱకు అతనికి అవకాశముండును. కాని తండ్రి బ్రదికియుండగానే గడువు పరుగెత్తుట మొదలైనచో, తండ్రి పోయి హక్కు పిల్లలకు వచ్చినంతమాత్రమున అది ఆగదు. పైకథలోని పిల్లలకు మైనారిటీ రక్షణ కాకపోవుటకు కారణమిదియే. ఇంటి యజమాని పోయిన పదునైదు దినములలోపుగా, కర్మకాండలు ముగియగానే, బంధువులలో తెలిసినవారెవరైనను ఆ ఇంటి నోట్లపెట్టె తెఱచి తేదీలు చూడవలెను. దుఃఖములో నున్నవారిని ఈ మాట అడుగుట కష్టమే. అయినను చేయదగిన సహాయములలో దీనిని మించినది తక్కువ.

మన పిల్లలనేకులు నేడు అమెరికాలోను, ఇతరదేశములలోను ఉన్నారు. బాకీదారు దేశము విడిచియున్న కాలమును గడువులోనుండి తీసివేయుటకు 15వ సెక్షనులో వీలు కలదు. అతడు ఎప్పుడు పోయెను, ఎప్పుడు వచ్చెను అనునది ఋజువు చేయవలసినది మీరే. దీనిని నమ్ముకొని కూర్చుండుటకంటె తపాలాలో ఒక ఒప్పుకోలు తెప్పించుకొనుట సులభము.

తనఖా బాకీలకు గడువు 12 సంవత్సరములు. డిక్రీ పొందినపిమ్మట దానిని అమలు జరుపుటకును 12 సంవత్సరములే. పూర్వము మూడేండ్లకొకసారి అమలు దరఖాస్తు పెట్టుచుండవలెనను తొందర యుండెడిది. 1963 చట్టముతో అది పోయినది. 1938లో మదరాసు రాజధానిలో వచ్చిన కర్షకఋణవిమోచన చట్టము వంటివి బాకీనే తగ్గించునవి. గడువునకును వానికిని సంబంధము లేదు. రెంటిని కలిపి మాటలాడుట విని మేము చాలసారులు సర్దిచెప్పవలసివచ్చినది.

ఇంతవఱకు అప్పిచ్చినవారి పక్షమున మాటలాడితిమి. మన సభలో అప్పు తీసికొన్నవారును కలరు. బహుశః వారే ఎక్కువ. వారికి తెలియవలసిన సంగతి యిది: కాలదోషము దావాను చంపును గాని బాకీని చంపదు. 1957లో వెలువడిన తీర్పులో సుప్రీంకోర్టువారు ఈ సూత్రమును దృఢపఱచిరి. గడువు దాటిన బాకీని తెలియక చెల్లించితినని సొమ్ము తిరిగి కోరుటకు వీలులేదు. ఏ బాకీ క్రిందనో చెప్పక సొమ్ము కట్టినచో, అప్పిచ్చినవాడు దానిని కాలదోషము పట్టిన బాకీ క్రింద జమకట్టుకొనవచ్చునని 1872 నాటి కాంట్రాక్టు చట్టపు 60వ సెక్షను చెప్పుచున్నది. కుదువబెట్టిన నగ, దావాగడువు దాటినను, బాకీ తీరువఱకు అతనివద్దనే యుండవచ్చును.

అంతకంటె ముఖ్యము ఆ చట్టపు 25వ సెక్షను. గడువు దాటిన బాకీని చెల్లించెదనని బాకీదారు వ్రాసి సంతకము చేసినచో, ఆ వాగ్దానము క్రొత్త ఒడంబడిక యగును. దానిమీద దావా నిలుచును. ఇందు మాటల భేదమును గుర్తింపుడు. గడువు దాటినపిమ్మట 'మీకు నేను బాకీయున్నమాట నిజము' అని వ్రాసినచో అది వట్టి ఒప్పుకోలు. దానికి ప్రాణము లేదు. 'ఆ బాకీని చెల్లించెదను' అని వ్రాసినచో అది వాగ్దానము. ఒక్క క్రియాపదములో ఆస్తి యంతయు ఉన్నది.

మన ధర్మశాస్త్రములు ఋణమును ఇహలోకముతో ముగియునట్టిదిగా భావింపలేదు. తండ్రి యప్పును కొడుకు వడ్డీతోకూడ తీర్చవలెను, మనుమడు అసలు మాత్రము తీర్చవలెనని స్మృతికారులు విధించిరి. భర్త బాకీలు కాలదోషము పట్టినవైనను, వానిని తీర్చుటకై వితంతువు అతని యాస్తిని అమ్మినచో ఆ విక్రయమును మన న్యాయస్థానములు సమర్థించినవి. అది భర్తకు పరలోకహితమని వారి యభిప్రాయము. కుమారునకు గల ఆ ధార్మికబాధ్యతను 2005లో హిందూ వారసత్వచట్టమునకు వచ్చిన సవరణము, ఆ పిమ్మటి యప్పుల విషయమున, తొలగించినది. నేడు తండ్రి యప్పునకు కొడుకు కొడుకైనందుకు బాధ్యుడు కాడు. తండ్రినుండి చేతికి వచ్చిన ఆస్తి మేరకే బాధ్యుడు. ఈ మార్పు మంచిదో చెడ్డదో పెద్దలు తర్కింతురుగాక. తండ్రి యప్పులతో పుట్టి, అప్పులతో పెరిగి, తనదంటూ ఏమియు లేక పోయినవారిని మేము చూచితిమి గనుక, మంచిదనియే మా తలంపు.

మేము మొదట చెప్పిన కుటుంబపు కథ అంతటితో ముగియలేదు. అప్పీలు పోయిన పిమ్మట, 2017లో, ఆ యన్నగారు ఒకనాడు ఒంటరిగా చెల్లెలి ఇంటికి పోయి, స్టాంపు కాగితముమీద, 2010 నవంబరు 5వ తేదీ నోటు క్రింద బాకీ కాలదోషము పట్టినదని యెఱిగియు, అసలు అయిదు లక్షలును రెండు సంవత్సరములలో చెల్లించెదనని వ్రాసి సంతకము చేసి ఇచ్చెను. కుమారులకు చెప్పలేదు. 'కోర్టు నన్ను విడిచిపెట్టినది గాని, అమ్మ నన్నడుగదా?' అని ఆయన మాతో అనెను. మూడు లక్షలు తీర్చెను. ప్రతిసారియు తానే కాగితము వెనుక చెల్లు వ్రాసి సంతకము చేసెను. ఈసారి ఎవరును అడుగ నక్కఱలేకపోయెను. 2019లో ఆయన గతించెను. మిగిలిన రెండు లక్షలకు ఆమె ఆయన వారసులమీద, ఆయన విడిచిన ఆస్తి మేరకు, గడువులోపలనే దావా వేసెను. కుమారులు కొంతకాలము పెనుగులాడి, తుదకు లోక్ అదాలతులో వడ్డీ లేకుండ అసలు కట్టి రాజీపడిరి. ఆ రెండు కుటుంబములును నేడీ సభలోనే యున్నవి; వేఱువేఱు వరుసలలో కూర్చున్నవి.

కాలదోషమను ఆక్షేపణ చేయుట తప్పా అని మమ్ము యువకులడుగుచుందురు. తీర్చిన యప్పునకు రసీదు పోయినవాడు ఆ యాక్షేపణ చేసినచో అది అతని కవచమే. తీర్చనివాడు చేసినచో చట్టము అతని నేమియు అనదు; మేమును చట్టసభలో అతనిని నిందింపము, మా కక్షిదారైనచో ఆ యాక్షేపణ మేమే వ్రాయుదుము. అయితే మన కులపెద్దలు సంబంధములు మాటలాడునప్పుడు అడుగు ప్రశ్నలు వేఱు.

అప్పిచ్చువారి దోషములను దాచుట న్యాయము కాదు. ఖాళీ ప్రోనోటుమీద సంతకము చేయించుకొని పెట్టెలో పెట్టుకొనువారు మనలో లేరా? సొమ్ము ముట్టినను చెల్లు వ్రాయక, అసలంతటికి దావా వేయువారు లేరా? గడువు దాటిన నోటువెనుక పాత తేదీతో చెల్లు సృష్టించి, సిరా పరీక్షకు పంపునప్పటికి వణకినవారిని మేము చూచితిమి. అట్టివారు దావాను పోగొట్టుకొనుటయే కాక, కూటవ్యవహారపు క్రిమినలు నేరము మెడకు తగిలించుకొందురు. బాకీదారులు కూడ సొమ్ము కట్టినప్పుడెల్ల నోటు తెప్పించి చెల్లు వ్రాయించి, పూర్తిగా తీర్చినప్పుడు నోటు తిరిగి పుచ్చుకొని సంతకము చింపివేయవలెను. ప్రోనోటునకు తగిన రివెన్యూ స్టాంపు అంటించి, దానిమీదుగా సంతకము చేయించుటయు మఱవరాదు. స్టాంపు లేని ప్రోనోటు జరిమానా కట్టినను సాక్ష్యమునకు పనికిరాదు. ఇతర పత్రములకు గల ఆ సదుపాయము దీనికి లేదు.

మధ్యాహ్నభోజనానంతరము సత్రపు ఉత్తరపుగదిలో మేమును, మన సంఘమునకు చెందిన మఱి ఇద్దఱు న్యాయవాదులును సాయంకాలము అయిదుగంటలవఱకు కూర్చుందుము. సందేహములున్నవారు తమ నోట్ల నకళ్లు తీసికొని రావచ్చును. అసలు నోట్లు మాకుగాని, మఱియెవరికిగాని ఇయ్యకుడు. తోడు లేని సోదరీమణుల కొఱకు మొదటి గంట కేటాయింపబడినది. ఆ గంటలో పురుషులు దయచేసి వెలుపల నుండవలెనని మా ప్రార్థన.